మెట్టెల చోడి

గూడెం కొత్తవీధి సంతకి వచ్చే ప్రతివాడికీ గౌరునాయుడి ఇనప కొట్టు గురించి రెండు సంగతులు తెలుసు. అక్కడ కొన్న పార వంగదు. జీలుగుబంద ఊరివాళ్ళకి అక్కడ పార దొరకదు. బతిమాలినా అమ్మడు. ఎందుకని అడిగితే జవాబు చెప్పడు. గడ్డం ఎత్తి పక్క కొట్టు చూపిస్తాడు, అంతే. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస.

అలాంటి కొట్టు ముందు స్తంభానికి ఆ సంతరోజు పొద్దున్నే ఎవరో ఫ్లెక్సీ కట్టి పోయారు. గౌరునాయుడు కొట్టు తలుపులు తీసి, కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చదివాడు.

"తరతరాల వారసత్వ విత్తనం మెట్టెల చోడి. జీలుగుబంద గిరిజన రైతుల ఘన సంపద. రిజిస్ట్రేషన్ కోసం శుక్రవారం గ్రామసభ. అందరూ ఆహ్వానితులే. హరిత శిఖరం ఫౌండేషన్."

కింద ఒక ముసలి రైతు ఫొటో. తలపాగా, చేతిలో చోడి, అంటే రాగి, వెన్నుల కట్ట, ఫొటోవాడు నవ్వమంటే నవ్విన నవ్వు. గౌరునాయుడు మర్చిపోని మొహం, జీలుగుబంద సోంబరు.

తాడు కోసేద్దామని గౌరునాయుడు కొడవలి అందుకున్నాడు. కోయలేదు. మళ్ళీ చదివాడు. 'తరతరాల' అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది.

పలుపుతాడు కోసం వచ్చిన ఒక పెద్దాయన పక్కనే నిలబడి నవ్వాడు. "ఏటి బావూ, మీ కొట్టుకే కట్టినారేటి! ఊళ్ళో ఇంకెక్కడా స్తంభాలే నేవా?"

"మీ ఊళ్ళో ఈ చోడి ఎన్నాళ్ళ నించి ఏస్తన్నారు?" అన్నాడు గౌరునాయుడు.

"పది పన్నెండేళ్ళుంటాది. జీలుగుబంద నించి మా బావమరిది తెచ్చినాడు. ఏటి?"

"తరతరాల నించీ ఉందంట."

"ఎవులి తరాలు బావూ? కోళ్ళ తరాలేటి?"

పెద్దాయన తాడు తీసుకుని వెళ్ళిపోయాడు. గౌరునాయుడు నవ్వలేదు. శుక్రవారం తీర్మానం అయిపోతే ఆ మాట ఢిల్లీ దాకా పోతుంది. ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత గొంతు చించుకున్నా చెరగదు. ఈ నాలుగు రోజుల్లో అతనికి ఒకటే పని. ఆ కాగితం మీద తన భార్య పేరు ఎక్కాలి.

భార్య ఉమామహేశ్వరి పోయి ఆరేళ్ళయింది.

ఆమె అతని మేనత్త కూతురు. చిన్నప్పుడే అనుకున్న సంబంధం. అతను ఊరి బడిలో ఏడో తరగతి చదివాడు. ఆమె పెళ్ళయ్యాక వ్యవసాయంలో ఎమ్మెస్సీ చేసింది. కొండమీద ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వస్తే, అతను మైదానంలో కొట్టు ఎత్తేసి ఆమె వెనకాల కొండెక్కాడు. పెళ్ళాం కొంగు పట్టుకుని పోతున్నాడని చుట్టాలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో అతనికి ఈనాటికీ గుర్తే. ఆ ఇళ్ళలో శుభకార్యాలకి వెళ్ళడు.

ఆ రోజుల్లో కొండల్లో చోడికి అగ్గితెగులు పట్టి పీడించేది. వెన్ను పాలుపోసుకునే వేళకి మెడ నల్లబడి విరిగిపోయేది. కేంద్రం దగ్గర తెగులుకి లొంగని గింజ ఒకటి ఉంది కానీ, అది కోతకి రావడానికి నూట ముప్పై రోజులు కావాలి. అన్నాళ్ళు కొండ మీద వాన ఉండదు. జీలుగుబందలో సోంబరు పొలంలో నాటు చోడి ఒకటి ఉంది. తొంభై అయిదు రోజుల్లో కోతకి వస్తుంది. కాడ మీద ప్రతి కణుపు దగ్గరా వంకాయరంగు పట్టీ ఉంటుంది. తెగులొస్తే మాత్రం ముందు పడిపోయేది అదే. ఈ రెంటినీ కలిపి ఒక గింజ చెయ్యాలని ఉమామహేశ్వరి పట్టుబట్టింది.

చోడి పువ్వు ఆవగింజలో సగం కూడా ఉండదు. అందులో మగభాగాన్ని పట్టకారుతో తియ్యడం అయ్యే పని కాదు. అందుకని ఆమె కేంద్రం మొక్క వెన్నుని వేడినీళ్ళలో ముంచేది. వేడి యాభైరెండు డిగ్రీలు. ఎక్కువైతే గింజ కట్టదు. తక్కువైతే లోపలి పుప్పొడి చావదు. ముంచిన వెన్నునీ రెండో మొక్క వెన్నునీ జతచేసి కాగితం సంచిలో కట్టేది. చోడి తెల్లవారకముందే పూస్తుంది. ఆ వేళకి నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోసి, వెనక టార్చి పట్టుకుని నడిచింది గౌరునాయుడే. మూడు వానాకాలాలు అలా నడిచాడు. మూడు వందల పైచిలుకు వెన్నులు కడితే కలిసిన గింజలు పదకొండు. మొలక కాడ మీద నాటు చోడి వంకాయరంగు కనిపించినప్పుడు ఆమె గట్టిగా కేక వేసింది. అంతకుముందూ ఆ తర్వాతా ఆమె కేక వెయ్యగా అతను వినలేదు.

ఆ పదకొండు గింజల నుంచి ఏడేళ్ళు ఏరి, నలభై ఒకటో నంబరు వరస తయారు చేసింది. దాన్ని రైతు పొలంలో రెండేళ్ళు పరీక్షించాలి. సోంబరు తన పొలంలో ఒక చెక్క ఇచ్చాడు. మొదటి ఏడు పంట ఏపుగా వచ్చింది. ఆ గింజని విడిగా దాచి, రెండో ఏడు అదే విత్తాలన్నది షరతు. సోంబరు దాన్ని మూతికి గుడ్డ కట్టిన కుండలో విడిగానే దాచాడు.

చైత్రమాసం వచ్చింది. జీలుగుబందలో విత్తనాల పండగకి ఒక కట్టుబాటు ఉంది. ఊళ్ళో ఉన్న ప్రతి విత్తనమూ అమ్మవారి బుట్టలో పడాలి. ఊరి పూజారి, దిసారి అంటారు, ఏ పంట గింజ ఆ పంటలో కలిపి మంత్రించి, తిరిగి ఇంటింటికీ పంచుతాడు. ఒక్క ఇంట్లో ఒక్క కుండ దాగినా ఊరంతటికీ తెగులొస్తుంది. సోంబరు ఆ కుండ దాచలేకపోయాడు. తీసుకెళ్ళి బుట్టలో వంచేశాడు. తిరిగి వచ్చిన కలగాపులగం గింజనే జూన్‌లో పరీక్ష చెక్కలో చల్లాడు. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరులో కమిటీ జీపు దిగింది. చెక్కలో మూడు ఎత్తుల మొక్కలు, నాలుగు రకాల వెన్నులు. పెద్ద సారు గట్టు మీంచే చూసి, దిగకుండానే రాసుకున్నాడు. 'కల్తీ. స్వచ్ఛత లేదు. సంబంధిత శాస్త్రవేత్త నిర్లక్ష్యం.' నలభై ఒకటి ఫైలు మూసేశారు. కేంద్రంలో మిగిలిన విత్తనాన్ని పనికిరాని సంచులతో కలిపి కోళ్ళ దాణాకి పంపారు. ఉమామహేశ్వరికి మెమో వచ్చింది. ఆ తర్వాత ప్రమోషను లేదు, పొలం లేదు. మిగతా సర్వీసంతా గోదాములో కూర్చోబెట్టారు. బుట్ట సంగతి ఆలస్యంగా చెవిన పడ్డ రోజునుంచి గౌరునాయుడు జీలుగుబందకి పార అమ్మడం మానేశాడు.

ఆ గింజ మాత్రం చావలేదు. ఇళ్ళిళ్ళకీ పోయిన కలగాపులగంలోంచి, తెగులొచ్చిన ప్రతి ఏడూ మిగతావి పడిపోయాయి, పట్టీల చోడి నిలబడింది. నాలుగైదేళ్ళకి జీలుగుబందలో అదే మిగిలింది. పదేళ్ళకి చుట్టుపక్కల కొండలన్నీ అదే. కణుపు కణుపుకీ మెట్టె తొడిగినట్టుందని ఆడవాళ్ళు దానికి మెట్టెల చోడి అని పేరు పెట్టారు.

ఒకసారి సంతలో గడ్డిమోపు మోసుకుపోతున్న మనిషిని ఆపి, ఉమామహేశ్వరి ఒక కాడ లాగి చూసింది. "ఇది నా నలభై ఒకటి," అంది.

"పద, వెళ్ళి వాళ్ళ మొహాన పెట్టు," అన్నాడు గౌరునాయుడు.

"ఎందుకు? తింటున్నారు కదా."

ఆమెకి అది చాలింది. అతనికి చాలలేదు. జీలుగుబంద ఒకసారి వెళ్ళి చూసొద్దామని ఆమె రెండు మూడుసార్లు అడిగింది. ఆ ఊళ్ళో నేను కాలు పెట్టను, నువ్వూ పెట్టకు అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే అతను కొట్టు తెరవలేదు. మెమోని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా లోపలి జేబులో దోపుకుని, సర్వీసు జీపు ఎక్కాడు. జీపులో పద్నాలుగు మంది, రెండు మేకలు. కాఫీ తోటల పక్కన జీపు దిగి మైలున్నర నడిచాడు. కోతలైపోయి నెల దాటింది. జీలుగుబంద వాకిళ్ళలో చోడి గడ్డి కుప్పలున్నాయి. చూసిన ప్రతి కాడ మీదా వంకాయరంగు పట్టీ. గౌరునాయుడు అడుగు నెమ్మది చెయ్యలేదు.

సోంబరు వాకిట్లో కూర్చుని కొత్త తలపాగా చుట్టుకుంటున్నాడు. అతన్ని చూసి సగం చుట్టిన పాగాతోనే లేచాడు.

"నాయుడు బావూ! దారి తప్పినావేటి?"

"దారి బాగానే తెలుసు. రాలేదంతే."

సోంబరు భార్య దేముడమ్మ గుమ్మంలోంచి చూసింది. మంచినీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది కానీ పలకరించలేదు. గౌరునాయుడు ఆ నీళ్ళు ముట్టుకోలేదు.

"తరతరాలని రాయించినావంట. ఏ తరం సోంబరూ? మీ తాతదా, ముత్తాతదా?"

"నాను రాయించలేదు బావూ. ఆ ఫౌండేషన్ ఆడగుంట రాసుకుంది. ఈ చోడి ఎన్నాళ్ళ నించి ఉందని అడిగింది. మా సిన్నోడు పుట్టకముందు నించీ ఉందన్నాను. సక్కగా తరతరాలని రాసీసింది."

"మరి కాదని సెప్పలేకపోయినావా?"

"ఇత్తనాల గిడ్డంగి కట్టిస్తారంట. ఊరోళ్ళందరికీ ఆశగుంది. నా ఒక్కడి నోటివల్ల అది పోతే నన్ను బతకనిస్తారా?"

"గిడ్డంగి కట్టుకో. రెండు కట్టుకో. సభలో లేచి ఒక్క మాట సెప్పు. పరీక్షకని ఆ గింజ నీ చేతిలో పెట్టింది ఎవరో సెప్పు. చాలు."

సోంబరు పాగా గుడ్డ చేతిలో నలిపాడు. "బుట్టలో పడ్డ గింజకి యజమాని ఉండడు బావూ. అది అమ్మోరిది. ఫలానా ఎవులిదో అని నోటితో అంటే తప్పవుద్ది."

"తప్పు గురించి నువ్వు నాకు సెప్పకు."

"సెప్పను. గింజ దాసుంటే ఊరికి తప్పు. ఏసినందుకు ఉమమ్మకి తప్పు. ఏ పక్క తిరిగినా నాదే తప్పు. పద్దెనిమిదేళ్ళయింది, తెలీదేటి నాకు?"

"తెలిసినోడివి కమిటీ వచ్చినరోజే సెప్పాల్సింది. గట్టు మీద ఆవిడ తలొంచుకుని నిలబడితే, నువ్వు ఎడ్ల వెనకాల నిలబడ్డావు. నేను చూశాను."

గౌరునాయుడు సభ జరిగే బడి వైపు నడిచాడు. సోంబరు వల్ల కాకపోతే తనే లేస్తాడు. పని ఆగేది లేదు.

బడి ముందు రేకుల షెడ్డులో టార్పాలిన్లు పరిచారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. బల్ల వెనక ఫౌండేషన్ అమ్మాయి ప్రసన్న కూర్చుంది. విశాఖపట్నం పిల్ల, పాతికేళ్ళుంటాయి, కొండ చలికి రెండు స్వెట్టర్లు వేసుకుంది. ఆమె పక్కన దిసారి బుజ్జిబాబు. ముప్పై ఏళ్ళవాడు, జీన్స్ ప్యాంటు, మెడలో ఎర్రదారం, చేతిలో సెల్లు. తాత పోయాక దిసారి పని అతనికి వచ్చింది.

ప్రసన్న దరఖాస్తు చదివింది. విత్తనం పేరు, ఊరి పేరు, పంటకాలం. "విత్తన మూలం అన్న కాలమ్‌లో, ఈ ఊరి రైతులు తరతరాల నుంచి కాపాడుకుంటూ వస్తున్న వారసత్వ రకం అని రాశాం. అందరూ ఒప్పుకుంటే చేతులెత్తండి."

"ఎత్తకండి," అన్నాడు గౌరునాయుడు.

అందరూ వెనక్కి తిరిగారు. అతను టార్పాలిన్ అంచున నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ మీరు?" అంది ప్రసన్న.

"గౌరునాయుడు. సంతలో ఇనప కొట్టు. ఈ చోడిని తయారు చేసిన శాస్త్రవేత్త ఉమామహేశ్వరి మొగుణ్ణి."

బుజ్జిబాబు సెల్లు బల్ల మీద పెట్టాడు. "బావూ, ఇది గ్రామసభ. ఊళ్ళో ఇల్లున్నోళ్ళే మాటాడాల. నువ్వు మాకు పారలే అమ్మవు, మా సభలో మాటాడతానంటే ఎలాగ?"

జనం నవ్వారు. గౌరునాయుడు నవ్వు ఆగేదాకా నిలబడి, కవర్లోంచి మెమో తీసి ప్రసన్న ముందు పెట్టాడు. "చదవండి. పైకే చదవండి."

ఆమె చదివింది. నలభై ఒకటో నంబరు వరస, జీలుగుబంద గ్రామం, సోంబరు పొలం, కల్తీ, నిర్లక్ష్యం. చదివి తలెత్తింది.

"సార్, ఇందులో ట్రయల్ ఫెయిలైందని ఉంది. ఇది మీకే వ్యతిరేకం కదా?"

"ఫెయిలైంది చెక్క. గింజ కాదు. ఆ గింజ మీ బల్ల కిందే ఉంది, వంగి చూడండి."

బల్ల కింద, ఫొటోల కోసం తెచ్చిన మెట్టెల చోడి కట్ట ఉంది.

"వంకాయరంగు పట్టీ ఈ ఊరి పొలానిది. అది కాదనను. తెగులుకి లొంగని గుణం కేంద్రం గింజది. రెంటినీ ఒక కాడ మీద కూర్చింది మా ఆవిడ. ఇక్కడున్న పెద్దవాళ్ళని అడుగుతున్నాను. మీ నాటు పట్టీల చోడి అగ్గితెగులొస్తే నిలబడేదా? ఒక్కరు నిలబడేదని చెప్పండి, నేను వెళ్ళిపోతాను."

ఒక ముసలాయన పక్కవాడితో, "అప్పట్లో నిలబడితే మాం అడివి దుంపలెందుకు తవ్వుకు తింటాం?" అన్నాడు. అందరికీ వినబడింది.

ప్రసన్న కలం మూత పెట్టి తీసింది. "సార్, మీ బాధ నాకర్థమైంది. కానీ మీ గింజ ఈ ఊరి గింజలో ఎలా కలిసింది? దానికి సాక్ష్యం కావాలి. ఊరివాళ్ళే చెప్పాలి."

గౌరునాయుడు సోంబరు వైపు తిరిగాడు. ఊరంతా తిరిగింది. సోంబరు మోకాళ్ళ మధ్య చూస్తూ కూర్చున్నాడు. పాగా ఇంకా సగమే చుట్టి ఉంది.

"అలా కూకుంటావేటి?" ఆడవాళ్ళ పక్కనుంచి దేముడమ్మ గొంతు లేచింది. "నోట్లో చోడంబలి ఉందేటి? సెప్పు!"

"అమ్మోరి బుట్టలో పడ్డాది ఎవులిదని సెప్పేదే?" అన్నాడు సోంబరు తలెత్తకుండా.

"యజమాని ఉండడు. నిజివే. ఇల్లుంది కదా! ఏటా సైత్రంలో పిలుస్తన్నాం కదా! పిలవడానికి నేని తప్పు సెప్పడానికేటి?" ఆమె లేచి నిలబడి బుజ్జిబాబు మీదికి తిరిగింది. "ఒరే దిసారీ, ఇళ్ళ వరస సదువు."

"పండగ కాకుండా సదవకూడదు పిన్నీ."

"గంట కొట్టకు, కోడి కొయ్యకు. రేషన్ కొట్టుకాడ పిలిచినట్టు సదువు. ఎవులికీ ఏటీ అవదు."

ప్రసన్నకి అర్థం కాలేదు. బుజ్జిబాబే ఆమెకి చెప్పాడు. గింజ బుట్టలో పడేటప్పుడు అది ఏ ఇంటి నుంచి వచ్చిందో దిసారి పైకి అనాలి. అమ్మవారికి వినబడాలి. పంచేటప్పుడు మళ్ళీ అదే వరసలో ఇళ్ళని పిలవాలి. ఒకసారి వరసలో చేరిన ఇంటిని తీసెయ్యడానికి లేదు. మనుషులు పోయినా ఇల్లు పిలవాల్సిందే. తాత దగ్గర తను నేర్చుకున్న వరస ఇరవై ఏడిళ్ళది. ఊళ్ళో ఉన్నవి ఇరవై ఆరు.

అతను కళ్ళు మూసుకుని చదవడం మొదలుపెట్టాడు. రాగం లేదు, తొందరగా, ఒక్క ఊపున. కొర్రా వారి పెద్దిల్లు, చిన్నిల్లు, వాగు దరి ఇల్లు, సోంబరు ఇల్లు. పేర్లు వచ్చినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళు తల ఆడించారు. ఇరవై అయిదు, ఇరవై ఆరు.

"ఉమమ్మ ఇల్లు," అన్నాడు బుజ్జిబాబు. కళ్ళు తెరిచాడు.

"మళ్ళీ చదువు," అన్నాడు గౌరునాయుడు.

"మొత్తమా?"

"చివరిది."

"ఉమమ్మ ఇల్లు."

అప్పుడు సోంబరు లేచాడు. "ఆ ఇల్లు నానే సెప్పినాను. మా గింజ ఏసినాక ఆ కుండ ఎత్తినాను. ముసలి దిసారి సెయ్యి పట్టుకుని, ఇది ఏ ఇంటిదిరా అన్నాడు. మాదే అందావనుకున్నాను. అమ్మోరి ముందర అబద్ధం రాలేదు. ఉమమ్మ ఇంటిదన్నాను. అదీ జరిగింది. సర్కారు పరీక్ష గింజ. కుండెడూ ఒంపీసింది నానే. కల్తీ సేసింది నానే. ఆ యమ్మ తప్పు గింజంత నేదు." చెప్పి కూర్చున్నాడు.

ప్రసన్న గబగబా రాసుకుంటోంది. గౌరునాయుడు ఆమెని చూడలేదు. దేముడమ్మని చూశాడు.

"పద్దెనిమిదేళ్ళు పిలిచారు. పిలుస్తున్నామని ఆవిడకి ఒక్క ముక్క చెప్పలేకపోయారా? తెలియకుండానే పోయింది మనిషి."

"సెప్పలేదేటి?" దేముడమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "కమిటీ ఒచ్చెల్లినాక పండగకే నానొచ్చినాను నీ కొట్టుకి. మీ ఇంటి వాటా గింజ కొంగున ముడేసుకుని ఒచ్చినాను. ఏ ఊరన్నావు. జీలుగుబందన్నాను. గెడ్డం ఎత్తి పక్క కొట్టు సూపించినావు. మర్నాటి ఏడు మా పెద్దోణ్ణి పంపినాను. పార కోసం ఒచ్చినాడనుకుని తగిలీసినావు. ఇంకెన్నిసార్లు రమ్మంటావు? నీకేనేటి రోషం, మాకుండదేటి?"

గౌరునాయుడికి ఇద్దరూ గుర్తొచ్చారు. కొంగు ముడి కూడా గుర్తొచ్చింది. ఏం తెచ్చావని అడగలేదు. ఉమామహేశ్వరి అప్పుడు కొట్టు వెనక గదిలో బియ్యం ఏరుకుంటోంది. పిలిస్తే పలికే దూరం. అతను ఎవరినీ క్షమించని మనిషి. ఆ క్షమించనివాళ్ళ వరసలో ఆ పూట తన పేరు కూడా చేర్చుకున్నాడు. అయితే అక్కడ ఆగలేదు. వచ్చిన పని ఇంకా అవలేదు.

"నువ్వన్నది నిజమే," అన్నాడు దేముడమ్మతో. తర్వాత బుజ్జిబాబు వైపు తిరిగాడు. "మా ఇల్లు వరసలో ఉంది. ఇప్పుడు మాట్లాడొచ్చా?"

బుజ్జిబాబు నవ్వి, తన కుర్చీ లాగి అతని ముందు పెట్టాడు. "కూకుని మాటాడు బావూ."

గౌరునాయుడు కూర్చోలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

ప్రసన్న పాత కాగితం పక్కన పెట్టి కొత్తది తీసింది. కొంతసేపు రాసి, చదివి వినిపించింది. "విత్తన మూలం: జీలుగుబంద రైతుల నాటు చోడి, ప్రభుత్వ పరిశోధన కేంద్రం చోడి కలయిక. పద్దెనిమిదేళ్ళ క్రితం గ్రామ విత్తనాల పండగ ద్వారా ఊరంతటికీ చేరింది. శ్రీమతి ఉమామహేశ్వరి గారి సహకారంతో ఈ రకం రూపొందింది. ఓకేనా సార్?"

"కాదు."

"ఏది కాదండీ? పేరు పెట్టాను కదా."

"సహకారం తీసెయ్యండి. టార్చి పట్టుకున్న నాది సహకారం. పొలం ఇచ్చిన సోంబరుది సహకారం. ఆవిడ చేసింది పని. 'ప్రభుత్వ శాస్త్రవేత్త ఉమామహేశ్వరి తయారు చేసింది' అని రాయండి."

"ఒక్క మాటే కదండీ తేడా. పైగా రేపు పైవాళ్ళు పరిశోధన కేంద్రాన్ని అడుగుతారు. వాళ్ళు ఒప్పుకోకపోతే మొత్తం దరఖాస్తే ఆగిపోవచ్చు. కొంచెం మెత్తగా ఉంటే మంచిదని..."

"అడగనివ్వండి. నంబరు వాళ్ళదే, ఊరి పేరు వాళ్ళు రాసిందే, కింద సంతకం వాళ్ళ పెద్ద సారుదే. తప్పు చేసిందని రాసినప్పుడు శాస్త్రవేత్త అని రాశారు. ఒప్పు చేసిందని రాసేటప్పుడు శ్రీమతి ఎందుకవుతుంది?"

ప్రసన్న మెమో తీసి మళ్ళీ చూసింది. సంబంధిత శాస్త్రవేత్త అనే ఉంది. ఆమె మొహం కొంచెం ఎర్రబడింది. ఆ వాక్యం కొట్టేసి, కింద కొత్తది రాసింది. కాగితం అతనికి ఇవ్వబోయింది.

"నాకు కాదు. వాళ్ళకి చదవండి."

ఆమె లేచి నిలబడి చదివింది. ప్రభుత్వ శాస్త్రవేత్త ఉమామహేశ్వరి తయారు చేసింది అన్నచోట గొంతు పెంచింది. "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

"గిడ్డంగి మాటేటమ్మా?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"రైతుల నాటు చోడి ఉంది కదండీ ఇందులో. ఊరి పేరు మీదే వెళ్తుంది. గిడ్డంగి కోసం నేను గట్టిగా రాస్తాను."

దేముడమ్మ చెయ్యి ముందు లేచింది. ఆ వెనక ఆడవాళ్ళ వరసంతా లేచింది. మగవాళ్ళలో సోంబరు చెయ్యి లేచాక మిగతావి లేచాయి. ఎత్తని చెయ్యి ఒక్కటీ కనబడలేదు.

సంతకాలకి వరస కట్టారు. వేలిముద్రలు వేసేవాళ్ళు వేశారు. సాక్షి సంతకం సోంబరుది. పేరు రాసి, కలం ఇంకా చేతిలో ఉండగానే అతను గౌరునాయుడి వైపు తిరిగాడు.

"బావూ, నన్ను..."

"అడక్కు," అన్నాడు గౌరునాయుడు. "అది నా వల్ల కాదు. సంతకం పక్కన తేదీ వెయ్యలేదు. వెయ్యి."

సోంబరు తేదీ వేశాడు. ప్రసన్న కాగితం ఫైల్లో పెట్టబోయింది. గౌరునాయుడు అరచెయ్యి అడ్డం పెట్టాడు. పేరు మీద సిరా ఇంకా మెరుస్తోంది. అది ఆరేదాకా ఆమెని ఫైలు మూయనివ్వలేదు.